సూది కదిలింది

రాత్రి రెండింటికి నెమేసియో తలుపు బాదాడు.
"ఎవెలియో, నీ మిషన్ తియ్యి.
నా ఎడమ చెవిలో ఉన్నదాని కొలత కావాలి నాకు."
వెనక చీకట్లో ఎడిల్మా,
అతని చెప్పులు చేత్తో పట్టుకుని.

బరాంకియాలో మా రెబోలో పేటంతా నిద్రపోతోంది.
ఒకప్పుడు ఈ పేటని
శనివారం నిద్రపోనిచ్చినవాళ్లం కాదు మేమిద్దరం.

పికో అంటే మీకు తెలియకపోవచ్చు.
బీరువా కన్నా ఎత్తయిన సౌండు పెట్టె,
ముందు గుడ్డ మీద మెరిసే రంగుల్లో రెండు తలల కోడిపుంజు.
పెట్టె అతనిది. లోపలి ఆంప్లిఫయరు నాది,
ఈ చేతుల్తో కట్టింది.
వీధి చివర బెనిల్డో పెట్టె మోగితే చాలు,
అతనికి ఒళ్లు మండేది.
"ఇంకొంచెం" అనేవాడు.
వాల్వులు దానిమ్మ గింజల్లా ఎర్రబడేవి.
ఇంకొంచెం ఇచ్చేవాణ్ని.
బల్ల మీది బీరు సీసాలు వాటంతటవే నడిచి
అంచు నుంచి దూకేవి.
రేకుల కప్పుల తుప్పు
ఆడేవాళ్ల జుట్టులోకి రాలేది.
పాట చెవిన పడేది కాదు మా దగ్గర,
రొమ్ము మీద పడేది.

ఆన్సెల్మో అని వైర్లు మోసే కుర్రాడుండేవాడు.
సిగరెట్ ఫిల్టర్లు చెవుల్లో కుక్కుకునేవాడు.
"అవ్వా" అని పిలిచేవాళ్లం.
వాడి మాట పెడచెవిన పెట్టామనటం కూడా అబద్ధమే,
ఆ హోరులో వాడేదో చెబుతున్నాడన్న సంగతే
మాకు తెలీదు.
ఇప్పుడు చేపల బజార్లో కొట్టు వాడిది.
వెనకాల ఐసు చిట్లితే తల తిప్పుతాడు, చూశాను.

నెమేసియోకి ముందు మాటల అంచులు పోయాయి.
ఎడిల్మా మాటల్లో సకారాలన్నీ
ఎవరో కత్తెరేసినట్టు.
తర్వాత ఆ మోత వచ్చింది.
కీచురాయి కాదంటాడు, కీచురాయి మధ్యలో ఊపిరి తీసుకుంటుంది.
ఇది సన్నటి ఇనప తీగ.
తల లోపల బిగించి కట్టి, కట్టినవాడు వెళ్లిపోయాడు.
ఆసుపత్రిలో చప్పుడు దూరని గదిలో కూర్చోబెట్టి
శబ్దం వినిపిస్తే బటన్ నొక్కమన్నారట.
నొక్కి, వదల్లేదట.
అద్దం అవతలి అమ్మాయి లోపలికొచ్చి అందట,
"అయ్యా, నేనింకా మొదలుపెట్టలేదు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

సిగ్నల్ జనరేటర్ మీద దుమ్ము ఊది
చిన్న స్పీకరు తగిలించాను.
వెయ్యి. "కాదు, పైకి."
మూడు వేలు. "పైకి."
నాలుగు దాటగానే స్పీకరు చచ్చిపోయింది.
వైరు లాగి చూశాను, సోల్డరు గోకాను.
మీటరు సూది మాత్రం వణుకుతూనే ఉంది.
సరే, అతని తృప్తి కోసం
ఊరికే తిప్పుతూ పోయాను.
ఆరు వేల రెండు వందల దగ్గర
నా మణికట్టు పట్టేసుకున్నాడు.
"ఇదే. ఇదే. అచ్చం ఇదే."
పోలీసులకి దొంగను చూపిస్తున్నవాడిలా
వేలు వణుకుతోంది.
"ఎడిల్మా, విను! పదేళ్లుగా చెప్తున్నానే, ఇదిగో!"

ఆమె వింది. మొహం చిట్లించింది.
"రాత్రంతానా?"
"రాత్రంతా."
"నేను నీతో మాట్లాడేటప్పుడు కూడానా?"
తలూపాడు.
చెప్పులు కింద పెట్టి
అతని ఎడమ చెవి మీద అరచెయ్యి కప్పింది,
పొంగే గిన్నె మీద మూత పెట్టినట్టు.
అదేమీ పనిచెయ్యదని ముగ్గురికీ తెలుసు.
"ఆపెయ్యి ఎవెలియో, పళ్లు జివ్వుమంటున్నాయి."

ఆపాను.
ఏం ఆగిందో నాకు తెలీదు.

చెప్పలేదు వాళ్లకి.
అంకె కాగితమ్ముక్క మీద రాసిచ్చాను.
మందుల చీటీలా మడిచి జేబులో పెట్టుకున్నాడు.
వీధి దాటుతూ ఆమె
అతని కుడి పక్కకు మారింది, మాట్లాడటానికి.

తలుపేసి కూర్చుని
నాబ్ వెనక్కి తిప్పటం మొదలుపెట్టాను, నెమ్మదిగా,
ఒక్కో గీత.
సూది కదులుతోంది.
ఇంకా రాలేదు.
ఇంకా రాలేదు.